షేర్ అంటే మా పిల్లలకి అర్థమైంది ఇదీ!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మా అత్తయ్య గారు వారం నుంచి "పిల్లలు ఆడుకుంటుంటే ఒక్క వీడియో పెట్టమ్మా" అంటున్నారు. ఇదిగో అత్తయ్యా, కెమెరా పెట్టాను. ఆడుకోవట్లేదు, కొట్టుకుంటున్నారు. అదే చూడండి. ఈసారి ఈ పరాయి దేశం ధరలు రూపాయల్లోకి మార్చి చెప్పేదేం లేదు, గొడవ ఫ్రీ.

అంతా ఆ మూడు చక్రాల సైకిల్ గురించే. పెద్దదానికి ఐదేళ్లు, చిన్నోడికి రెండున్నర. వాడు చెయ్యి చాపి "షేర్! షేర్!" అని అరుస్తున్నాడు చూశారా, ఇక్కడి ప్రీస్కూల్లో ముందు పట్టుకొచ్చిన మాట అది. వాడి లెక్కలో షేర్ అంటే "ఇటిచ్చెయ్" అని. పెద్దదానికేమో షేర్ అంటే తనది పోయినట్టే. ఇచ్చింది మళ్లీ తన చేతికొస్తుందని ఆ మాటలో ఎక్కడుంది చెప్పండి? మనం ఇచ్చిపుచ్చుకోవడం అంటాం. పుచ్చుకోవడం కూడా అందులోనే ఉంది. నేనే ఆ మాట అని ఎన్నాళ్లయిందో. అనడానికి ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉండాలి కదా.

స్కూల్లో ఇసుక గడియారం పెడతారు. ఇసుక జారేదాకా ఒకరి వంతు, తిప్పితే రెండో వాళ్ల వంతు. బాగుందని నేనూ తెచ్చా. చిన్నోడు సైకిల్ వదిలేసి గడియారం ఎత్తుకుపోయాడు. ఇప్పుడు దాని కోసం కొట్లాట!

ఇక లాభం లేదని నిన్న రాత్రి గబ్బిలాల సంగతి చెప్పా. నిజం అండీ, జెరాల్డ్ విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త కోస్టారికాలో వాటిని గమనించి 1984లో రాశారు. రక్తం తాగే గబ్బిలాలకి రెండు మూడు రాత్రులు వరసగా తిండి దొరక్కపోతే ప్రాణం పోతుంది. అందుకని కడుపు నిండినది, ఆకలితో వచ్చిన దాని నోట్లో కాస్త కక్కి పెడుతుంది. ఇంకో రోజు దీనికి దొరక్కపోతే అది పెడుతుంది.

"యాక్" అంది పెద్దది. దుప్పట్లోంచి తల బయటపెట్టి, "మరి అది మర్చిపోతే?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు, పడుకోమన్నా.

పొద్దున చూస్తే పెద్దదే సైకిల్ దిగి తమ్ముడి ముందుకు తోసింది. "తీస్కో. తర్వాత నువ్వు నాకు కక్కాలి."

"కక్కుతా" అని వాడు ఎక్కేశాడు.

అత్తయ్యా, ఈ ముక్క మామయ్య గారికి మీరే కాస్త వివరించి చెప్పండి.