చెరువు గట్టు మీద అమెరికా రేటు

అందరికీ నమస్కారం. గ్లోబలైజేషన్ వచ్చాక ఇంటర్నేషనల్ బిజినెస్ మేనేజ్‌మెంట్ ఎలా మారిందో చెప్పమన్నారు. నేను మా బాబాయి రొయ్యల చెరువు గురించి చెప్తాను, ఈ సబ్జెక్టు నాకు బుర్రకెక్కింది ఆకివీడు దగ్గర ఆ గట్టు మీదే మరి.

2025 ఏప్రిల్ మొదటి వారంలో పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, ట్రంప్ ఏదో అన్నాడంట కదా, ఇక్కడ కౌంట్ రేట్లు కొట్టేశార్రా" అని. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత, 30 కౌంట్ అంటే బాగా పెద్ద సైజు, 100 అంటే చిన్నవి. అప్పటికి అమెరికా మన దేశం నుంచి వచ్చే సరుకు మీద 26 శాతం సుంకం అని ప్రకటించింది అంతే, ఇంకా వసూలు కూడా మొదలవలేదు, చెరువులో రొయ్య నిన్నటిదే, మేత నిన్నటిదే, రేటు మాత్రం తెల్లారేసరికి పడిపోయింది. వారం తిరిగేలోపే 90 రోజులు వాయిదా అన్నారు, కానీ పడినంత స్పీడుగా రేటు లేస్తుందా చెప్పండి!

మా బాబాయి పెంచేది వనామీ అనే రకం, అసలు అది మన రొయ్యే కాదు, దాని సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే పసిఫిక్ తీరం. మన టైగర్ రొయ్యని 90ల్లో తెల్లమచ్చ వైరస్ చావుదెబ్బ కొట్టింది, తర్వాత 2009లో వనామీకి పర్మిషన్ ఇచ్చారు. తల్లి రొయ్యలు విమానంలో దిగుతాయి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి అక్కణ్ణుంచి రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకి పోతాయి, వాటి పిల్లే మా బాబాయి చెరువులో పడేది. ఆయనకి పాస్‌పోర్ట్ లేదు, ఆయన రొయ్యల తల్లికి ఉన్నట్టే లెక్క.

ఇక కొనేవాళ్ళ సంగతి. యూరప్ వాళ్ళు 2016 నుంచి మన సాగు రొయ్యల సరుకులో సగానికి టెస్టులు పెట్టారు, యాంటీబయాటిక్ జాడ దొరికిందా కంటైనర్ వెనక్కే. అమెరికా 2018 ఆఖరు నుంచి రొయ్య ఎక్కడ పట్టారో రికార్డు చూపించమంటోంది. అంటే ఎక్స్‌పోర్ట్ కంపెనీ మేనేజర్ ఫ్యాక్టరీ ఒక్కటీ చూసుకుంటే చాలదు, ఎవరి చెరువులో ఏ మందు కొట్టారో కూడా ఆయనకి తెలియాలి. మా బాబాయి నోట్‌బుక్కులో ఒకప్పుడు అప్పుల లెక్కలు తప్ప ఇంకేం ఉండేవి కావు, ఇప్పుడు సీడ్ బ్యాచ్ అంటే పిల్ల ఏ లాటుదో, నీటి పీహెచ్, మేత బస్తాలు అన్నీ రాస్తున్నాడు, అప్పులు చివరి పేజీలకి వెళ్ళాయి.

2025 ఆగస్టుకొచ్చేసరికి ట్రంప్ చెప్పిన ఆ సుంకం 50 శాతం అయింది, మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారని వేసే పాత యాంటీ డంపింగ్ డ్యూటీ లాంటివి దాని మీద అదనం. అదే టైంలో మన పోటీదారు ఈక్వెడార్ మీద 15 శాతమే, పైగా వాళ్ళకి అమెరికా దగ్గర. అందరూ "అయితే చైనాకి అమ్మండి" అన్నారు. చెప్పడం ఈజీ అండీ. అమెరికా వాడికి తల తీసి, ఒలిచి, నరం లాగి పంపాలి, చైనా వాళ్ళు ఎక్కువగా తలతో సహా కొంటారు. మార్కెట్ మారితే ప్లాంట్‌లో మెషిన్లు, ప్యాకింగ్ సైజులు మారాలి, అవన్నీ మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో రాస్తారేమో గానీ, ఒలిచే పని తగ్గితే తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి వెళ్ళే ఆడవాళ్ళకి షిఫ్టులు తగ్గుతాయి, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక్క దేశాన్నే నమ్ముకుని ఇన్నేళ్ళు ప్లాంట్లు కట్టడం మన కంపెనీల తప్పేనని నా అభిప్రాయం, లాభాలు బాగున్నన్నాళ్ళూ రెండో గుమ్మం వైపు ఎవరూ చూడలేదు.

మొన్న ఊరెళ్ళా. బాబాయి చెక్ ట్రే పైకి లాగి, మేత తిన్నాయో లేదో వేలితో కెలికి చూసుకుని, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని ఫోన్ తీశాడు. "ఒరేయ్, ఈక్వెడార్‌లో వానలు ఎలా ఉన్నాయో చూడు" అన్నాడు.