ఎల్ఎస్ కొడితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయా? ఇలా సరిచేయండి

నమస్తే అండీ. టెర్మినల్‌లో ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా చూపించే కమాండ్ ఎల్ఎస్. అది కొట్టగానే ఎర్రర్ వచ్చిందా? వెంటనే ముందు సుడో, అంటే అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్, తగిలించేయకండి. ఎర్రర్ లైన్ చదవండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే పేరు తేడా కొట్టిందని. పెద్దక్షరం, చిన్నక్షరం చూసుకోండి, మధ్యలో స్పేస్ ఉంటే కోట్స్ పెట్టండి. అసలు పేరు మొత్తం టైప్ చేయడమెందుకు, రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, అదే పూర్తిచేస్తుంది. సరే, ఇది తేలిక. ముందుకెళ్దాం.

ఇదిగో, ఇదీ అసలు తలనొప్పి. ఫోటోస్ అని ఒక ఫోల్డర్. ఎల్ఎస్, హైఫన్ ఎల్, ఫోటోస్. ఎంటర్. చూశారా? ప్రతి ఫైలుకీ "క్యానాట్ యాక్సెస్... పర్మిషన్ డినైడ్". కింద పేర్లేమో వచ్చాయి. కానీ సైజు దగ్గర ప్రశ్నార్థకం, తేదీ దగ్గర ప్రశ్నార్థకం, ఓనర్ దగ్గరా అదే. డిస్క్ పోయిందని భయపడతారు ఇక్కడ. పోలేదండీ.

ఇప్పుడు ఎల్ఎస్ హైఫన్ ఎల్‌డీ ఫోటోస్. ఆ డీ మర్చిపోవద్దు, డీ ఉంటేనే ఫోల్డర్ వివరాలు చూపిస్తుంది. మొదటి అక్షరాలు చూడండి: డి, ఆర్, డబ్ల్యూ, తర్వాత గీత. డి అంటే డైరెక్టరీ, అదే ఫోల్డర్. ఆర్ చదివే అనుమతి, డబ్ల్యూ మార్చే అనుమతి, ఎక్స్ లోపలికి వెళ్లే అనుమతి. ఎక్స్ ఉండాల్సిన చోట గీత ఉంది. అంతే, దొంగ దొరికాడు.

ఫోల్డర్‌కి ఆర్ ఉంటే లోపలున్న పేర్లు చదవొచ్చు, అంతవరకే. గడప దాటాలంటే ఎక్స్ కావాలి. సైజు, తేదీ, ఓనర్ ఫోల్డర్‌లో ఉండవు, ఐనోడ్‌లో, అంటే ఒక్కో ఫైలు వివరాలు దాచే రికార్డులో ఉంటాయి. ఎక్స్ లేక అక్కడిదాకా వెళ్లలేక ప్రశ్నార్థకాలు పెడుతోంది. తిరగేస్తే, ఎక్స్ ఉండి ఆర్ లేదనుకోండి, "క్యానాట్ ఓపెన్ డైరెక్టరీ" అంటుంది. కానీ లోపలి ఫైలు పేరు తెలిసి, దాన్ని చదివే అనుమతి ఉంటే, ఫైలులో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్‌తో తెరుచుకుంటుంది!

ఎక్స్ ఎలా పోయింది? ఎక్కువగా సీహెచ్‌మోడ్ హైఫన్ పెద్ద ఆర్ 644 వల్ల. సీహెచ్‌మోడ్ అనుమతులు మార్చే కమాండ్, పెద్ద ఆర్ అంటే లోపలున్న అన్నింటికీ. 644 అంటే ఓనర్‌కి చదవడం, రాయడం, మిగతావాళ్లకి చదవడమే, ఎక్స్ ఎవరికీ లేదు. ఫైళ్లకి 644 బాగానే ఉంటుంది, ఫోల్డర్లకీ అదే పడితే ఎక్స్ ఎగిరిపోతుంది. అలాగని 755 కొట్టకండి, ఫోటోలన్నీ ఎగ్జిక్యూటబుల్, అంటే ప్రోగ్రాముల్లా నడపదగ్గవి అయిపోతాయి. ఇది కొట్టండి: సీహెచ్‌మోడ్, హైఫన్ పెద్ద ఆర్, యూ ప్లస్ ఆర్ డబ్ల్యూ ఎక్స్, ఫోటోస్. యూ అంటే ఓనర్, ప్లస్ అంటే అనుమతి చేర్చమని. ఆ ఎక్స్ పెద్దక్షరం, పెద్ద ఎక్స్! అది ఫోల్డర్లకీ, ముందే ఎక్స్ ఉన్న ఫైళ్లకీ మాత్రమే పడుతుంది. ఫోల్డర్ మీదైతే సుడో కూడా అక్కర్లేదు.

మళ్లీ ఎల్ఎస్ హైఫన్ ఎల్ ఫోటోస్. ఇదిగో, సైజులు వచ్చేశాయి.

ఇంకా రాలేదా? అయితే ఫోటోస్‌ని లోపల పెట్టుకున్న పై ఫోల్డర్లలో ఏదో ఒకదానికి ఎక్స్ లేకపోయి ఉండొచ్చు. లైనక్స్‌లో నేమ్ఐ హైఫన్ ఎల్ కొట్టి పూర్తి పాత్, అంటే స్లాష్ నుంచి ఫోటోస్ దాకా దారి మొత్తం ఇవ్వండి. స్లాష్ నుంచి ఒక్కో మెట్టుకీ పర్మిషన్లు చూపిస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కడ చూడండి.