చలికాలపు చీకటిలో గేటు ఎవరికి తెరుస్తారు?

(అంతర్జాతీయ మహిళా దినోత్సవం సందర్భంగా మహబూబ్‌నగర్‌లో జరిగిన మహిళా ఉద్యోగుల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు అధ్యక్షత వహిస్తున్న మేడం గారికి, వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున్నే వంట ముగించుకుని, పిల్లల్ని ఎవరికో ఒకరికి అప్పజెప్పి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. ఒక్కొక్కరి పేరు చెప్పి దండం పెట్టడం మర్యాద. కానీ నాకిచ్చిన టైం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నాకిచ్చిన విషయం 'ఉద్యోగం చేసే మహిళ, ఆరోగ్యం'. జనవరిలో ముంబై మారథాన్ పూర్తి చేశానని తెలిసి పిలిచారు. 42 కిలోమీటర్ల 195 మీటర్లు ఎట్లా పరిగెత్తావు, చలికాలమంతా బడి, ఇల్లు, పరుగు మూడూ ఎట్లా నెట్టుకొచ్చావు, అది చెప్పు చాలు అన్నారు. చెప్తాను. కానీ ఒక గేటు సంగతి, ఒక తాళం సంగతి చెప్పకుండా ఆ కథ నడవదు. నేను ఇవాళ ఈ మైకు ముందుకు వచ్చింది కూడా అందుకే.

మన పాలమూరులో పరుగుకు చలికాలాన్ని మించిన కాలం లేదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు కొట్టేసరికే ఎండ నెత్తి మీద ఉంటుంది. నవంబర్ వచ్చిందంటే ఒళ్లు తొందరగా వేడెక్కదు, చెమట తక్కువ పోతుంది, అదే కష్టంతో ఎక్కువ దూరం పోగలం. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం పెడతారు. అంటే పెద్ద పెద్ద దూరాలు అలవాటు చేసుకోవాల్సింది సరిగ్గా నవంబర్, డిసెంబర్‌లలోనే. మనకు అన్నీ కలిసొచ్చాయి, ఒక్క వెలుతురు తప్ప.

లెక్క మీరే వేయండి. డిసెంబర్ ఆఖర్లో మన దగ్గర సూర్యుడు వచ్చేది ఆరూ నలభై దాటాక. ఎనిమిదింటికల్లా డబ్బాలు కట్టాలి, తొమ్మిదింటికి బడిలో ఉండాలి. కాబట్టి ఆరున్నరకు ఇంట్లో అడుగు పెట్టి తీరాలి. మామూలు రోజు పరుగుకే గంటా గంటన్నర పడుతుంది. అంటే ఐదింటికల్లా బయటపడాలి. ఆ గంటన్నరా చీకటే. సాయంత్రం పరిగెత్తొచ్చు కదా అని ఒక సార్ సలహా ఇచ్చారు. సాయంత్రం మనకు ఎంత ఖాళీ ఉంటుందో ఈ హాల్లో కూర్చున్నవాళ్లకు నేను చెప్పాలా?

ఇప్పుడు గేటు సంగతి. మా ఇంటికి దగ్గర్లో ఒక గ్రౌండ్ ఉంది. ఏ గ్రౌండో, ఎవరి కిందుందో ఇక్కడ చెప్పను. నాకు కావాల్సింది గేటు తెరుచుకోవడం, ఎవరినో బజారుకీడ్చడం కాదు. చుట్టూ గోడ ఉంది, లోపల దీపాలున్నాయి, మట్టి ట్రాక్ ఉంది. మోకాళ్లకు సిమెంట్ రోడ్డు కన్నా మట్టి ఎంతో మేలు. నవంబర్ మొదట్లో ఐదింటికి పోతే గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. ఆ చలికి ఇనుము ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. లోపల మాత్రం దీపాలు వెలుగుతున్నాయి, షటిల్ ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాచ్‌మన్‌ను పిలిచాను. పాపం పెద్దాయన, మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. "తాళంచెవి సార్ల దగ్గర ఉంటది మేడం. వాళ్లు ఆడనీకి వచ్చి లోపల్నుంచి ఏస్కుంటరు. అందరికీ ఆరున్నరకే. మిమ్మల్ని పంపుమని నాకెవరూ చెప్పలె" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. సార్లు ఆడుకోవడం కూడా తప్పు కాదు, ఆడాలి, మంచిదే. కానీ ప్రజల సొమ్ముతో కట్టిన గోడ, ప్రజల సొమ్ముతో వెలిగే దీపం. దానికి తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉండాలో ఎవరు నిర్ణయించారు? అందులో ఒక్క ఆడమనిషి పేరు కూడా ఎందుకు లేదు? అర్జీ పెట్టాను. రసీదు నా బ్యాగులో ఉంది. జవాబు ఇవాళ్టి దాకా రాలేదు.

అందుకని రోడ్డెక్కాను. న్యూటౌన్ దాటి పిల్లలమర్రి దిక్కు. అక్కడికి మనకు నాలుగైదు కిలోమీటర్లు. సగం రోడ్డు వెలుతురు, సగం చీకటి. చీకటి భాగంలో కుక్కలు. మా ఆయన బండి వేసుకుని వెనకాల వచ్చేవారు, హెడ్‌లైట్ వెలుగులో నా నీడ నా ముందు పొడుగ్గా పడేది, ఆ నీడ మీదే కాళ్లు వేసుకుంటూ పోయేదాన్ని. గుంత ఎక్కడుందో నీడలో కనిపించదు. ఒకసారి చీలమండ మడతపడి పది రోజులు ఇంట్లో కూర్చున్నాను. పోనీ, నాకు బండి వేసుకుని వచ్చే మనిషి ఉన్నాడు. లేనివాళ్లు? భర్త దుబాయిలో ఉన్నామె, ఒంటరిగా పిల్లలతో ఉంటున్నామె, హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసే ఆడపిల్ల, వీళ్లంతా ఎవరిని వెంటేసుకుని పోవాలి?

పిల్లలమర్రి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. దాదాపు ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2018లో చెదలు పట్టి కూలిపోయే దశకు వస్తే మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి, సన్నటి గొట్టాల్లోంచి చుక్క చుక్క మందు ఎక్కించారు. దేశమంతా పేపర్లలో వచ్చింది. కొమ్మ కొమ్మకూ వేలాడిన ఆ సీసాలు మీలో చాలామంది చూసి ఉంటారు. ఎంత గొప్ప పని అది! ఆ ఓపిక, ఆ శ్రద్ధ చూపించగల ఊరు మనది. ఆ చెట్టు దాకా పోయే రోడ్డుకు నాలుగు దీపాలు వేయలేని ఊరు కాదు.

సరే, ట్రైనింగ్ సంగతికి వస్తాను, లేకపోతే మేడం గారు ఊరుకోరు. వారానికి నాలుగు రోజులు పరుగు చాలు, రోజూ అక్కర్లేదు. మూడు రోజులు చిన్న దూరాలు, ఆదివారం ఒక్కటి పెద్దది. మాట్లాడుతూ పరిగెత్తగలగాలి, మాట ఆయాసంలో తెగిపోతుంటే వేగం ఎక్కువైందని అర్థం. ఆదివారం దూరాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి, మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాలి. అట్లా ముప్పై, ముప్పై రెండు కిలోమీటర్ల దాకా తెచ్చి అక్కడ ఆపాలి. చివరి రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ రావాలి, ఆ రోజుల్లో కాళ్లు ఊరుకోవు, మనమే ఆపుకోవాలి. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం అడుగంటుతుంది, కాళ్లు ఒక్కసారిగా బరువెక్కుతాయి. అందుకే దారిలోనే అరటిపండు, ఖర్జూరం, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకోవడం ప్రాక్టీస్ చేయాలి. కొత్త బూట్లు, కొత్త తిండి మారథాన్ రోజున మొదలుపెట్టొద్దు.

ఒక చిట్టీ వచ్చింది. చదువుతాను. "మేడం, నెలసరి రోజుల్లో పరిగెత్తొచ్చా?" పేరు రాయలేదు. పేరు రాసి అడిగినా ఏం కాదమ్మా, అందరికీ ఉన్నదే. పరిగెత్తొచ్చు. ఒంట్లో బాగుంటే పరిగెత్తండి, నొప్పి ఎక్కువుంటే ఆ రోజు వదిలేయండి. కానీ దానికన్నా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిందేంటంటే మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అంటే ఈ వరుసలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే వయసైపోయిందనుకుంటాం, పని ఎక్కువైందనుకుంటాం. నాకూ అక్టోబర్‌లో తక్కువే వచ్చింది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకో అన్నారు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష ఉచితం. చిట్టీ రాసిన చెల్లె, ఈ వారంలోనే చేయించుకో.

ఇల్లు ఎట్లా నడిచిందని అడుగుతారు. ఇంట్లో పని తగ్గలేదు, చేతులు మారాయి. ఆదివారం వంట మా ఆయనది, వారంలో పప్పు కుక్కర్‌లో పెట్టడం ఇంటర్ చదివే మా పాపది. మొదట్లో గొడవలయ్యాయి, దాచను. కానీ అన్నిటికన్నా పెద్ద టెన్షన్ మా అత్తమ్మ గురించే. మొదటిరోజు బూట్లు కట్టుకుంటుంటే "గింత చలిల ఎటు పోతున్నవు బిడ్డా? ఆడమనిషి చీకట్ల ఉరుకుతదా?" అన్నది.

మా అత్తగారిది నారాయణపేట దిక్కు ఊరు. ఆ ఊళ్ల సంగతి మీకు కొత్త కాదు. వానలు మొహం చాటేస్తే కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి బస్సెక్కడమే. అత్తమ్మ పెళ్లయిన కొత్తలోనే పోయింది. బిల్డింగ్ పని. నెత్తిన ఇసుక తట్ట, చంకలో పిల్ల, అంతస్తు తర్వాత అంతస్తు. ఈ మాటలేవీ ఆమె ఏనాడూ నాకు చెప్పలేదు. డిసెంబర్‌లో ఒకరోజు ముప్పై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి అరుగు మీద కూలబడితే నా కాళ్లు ఒళ్లోకి తీసుకుని నూనె రాస్తూ అప్పుడు చెప్పింది. నేను ఏ పరుగుకని పోతున్నానో తెలిశాక ఇంకో మాట అన్నది: "బొంబాయిల ఉరుకుతవా? ఆ రోడ్లు నాకు ఎరుకే." మర్నాటి నుంచి నాకన్నా ముందు లేచి జొన్న అంబలి కాచి పెట్టేది. పరుగు నుంచి వచ్చేసరికి పల్లీలు, బెల్లం గిన్నెలో ఉండేవి.

ముంబైకి ఆమెనూ తీసుకుపోయాం. పెడ్డర్ రోడ్డు అని ఒక ఎత్తు ఉంటుంది. పోయేటప్పుడు ఒకసారి, ముప్పై దాటి తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి ఎక్కాలి. రెండోసారి ఎక్కేటప్పుడు మంచి మంచి వాళ్లు నడుస్తారు, నేనూ నడిచాను. రోడ్డు పక్క కాపురముండే జనం నారింజ తొనలు, బిస్కెట్లు చేతిలో పెడుతూ కేకలేస్తుంటారు. పరుగు ముగించి మెడల్ తెచ్చి అత్తమ్మ చేతిలో పెడితే దాన్ని తిప్పి చూసి, "ఆ పెద్ద ఎత్తు ఎక్కినవా? ఆడ్నే మేము ఇసుక మోసినం" అన్నది.

అక్కలారా, చెల్లెళ్లారా, ఆలోచించండి. ఆడవాళ్ల ఒళ్లు దూరం తట్టుకోదని ప్రపంచమంతా చెప్పుకొచ్చింది. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టి, ఇది వీళ్ల వల్ల కాదని తీసేస్తే, మళ్లీ పెట్టడానికి 1960 దాకా పట్టింది. 1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడొకాయన రోడ్డు మీదికొచ్చి ఆమె బట్టల మీద అంటించుకున్న నంబరు పీకేయబోయాడు. ఆమె ఆగలేదు. బోస్టన్‌లో ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ మొదలైంది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. మన పీటీ ఉష సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్నది ఆ ఒలింపిక్స్‌లోనే. అక్కడ జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం గెలిచింది. వాళ్లంతా అట్లా వాదించుకుంటున్న రోజుల్లోనే మన పాలమూరు ఆడవాళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని బొంబాయిలో మెట్లెక్కుతున్నారు. మన ఒంటికి బలం ఉందా లేదా అని ఎవరూ మనకు చెప్పక్కర్లేదు. మనకు కావాల్సింది ఒక గేటు, దారిలో వెలుతురు, లోపల ఒక బాత్రూం. బాత్రూం గురించి మగవాళ్లు ఎందుకు ఆలోచించరో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మేడం గారు గడియారం చూస్తున్నారు. ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి మేడం.

తలుపు పక్కన టేబుల్ మీద ఒక అర్జీ పెట్టాను. అందులో ఉన్నవి ఇవే. గ్రౌండ్ గేటు చలికాలంలో నాలుగున్నరకు అందరికీ తెరవాలి. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉండాలి, ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఆడవాళ్లకు బాత్రూం తెరిచి ఉంచాలి, నీళ్లు ఉండాలి. పిల్లలమర్రి రోడ్డులో దీపాలు లేని చోట దీపాలు వేయాలి. పరిగెత్తని వాళ్లు కూడా సంతకం పెట్టండి. మీరు నడుస్తారు, మీ బిడ్డలు రేపు పోలీసు ఉద్యోగాలకు, ఆర్మీకి ఫిజికల్ టెస్టుల కోసం ప్రాక్టీస్ చేస్తారు, వాళ్లూ ఆ చీకట్లోనే ఉరకాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి నేను పోతున్నాను, బడికి సెలవు చీటీ రాసిచ్చేశాను. పదిన్నరకు కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను, రాగలిగినవాళ్లు రండి. ఒక్కదాన్నే పోయినప్పుడు రసీదు ఇచ్చి పంపించారు. ఈసారి యాభై మందిమి పోదాం. సంతకం పక్కన ఏ డిపార్ట్‌మెంటో కూడా రాయండి, భోజనాలకు పోయేముందే రాయండి, చేయి కడుక్కున్నాక మర్చిపోతాం. పెన్నులు టేబుల్ మీదే ఉన్నాయి. నమస్కారం.