పునరుద్ధరించిన మ్యూజియం: ముందు రంగు, తర్వాతే ఫ్రేము

అందరికీ నమస్కారం. పునరుద్ధరించిన భవనాల్ని లోపల ఎలా ఫొటో తీయాలో చెప్పుకోడానికి ఈరోజు ఉదాహరణగా ముంబయి బైకుల్లాలోని డాక్టర్ భావు దాజీ లాడ్ మ్యూజియాన్ని తీసుకుందాం. 1872లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంగా తెరిచిన భవనం ఇది, 1975లో పేరు మారింది. నగరపాలక సంస్థ, వారసత్వ కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్ కలిసి 2003లో పునరుద్ధరణకు పూనుకుంటే, 2008లో మళ్లీ తెరుచుకుంది. గోడల రంగులు, స్తంభాల బంగారు పూత, పైకప్పు నగిషీ మీద ఎంతో శ్రమ పడ్డారు. ఫొటోలో రంగు తప్పిందంటే ఆ శ్రమంతా వృథా.

హాల్లో కిటికీల వెలుగు నీలంగా, దీపాల వెలుగు పసుపుగా పడుతుంది. వెలుగు రంగును కెమెరా తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ రెంటి మధ్యా ఊగి, ఒక్కో ఫ్రేములో గోడకు ఒక్కో రంగు పూస్తుంది. రా ఫైలు (రంగును తర్వాత సరిదిద్దుకోగల, కుదించని ఫైలు) తీయండి, నిలబడ్డ ప్రతిచోటా గ్రే కార్డుతో (రంగుకు కొలతగా వాడే బూడిదరంగు అట్ట) ఒక ఫ్రేము తీసుకోండి. వీలైతే దీపాలు ఆర్పించండి. ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు గానీ, ఎడిటింగులో రెండు గంటలు మిగుల్తాయి.

బంగారు పూతకు సొంత వెలుగు ఉండదు, ఎదురుగా ఉన్నదే అందులో కనిపిస్తుంది. నేరుగా ఫ్లాష్ కొడితే ఒక తెల్లమచ్చ, చుట్టూ గోధుమ రంగు మిగుల్తాయి. ప్రతిబింబాల్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా లోహపు మెరుపును తగ్గించదు. పక్కనుంచి వచ్చే కిటికీ వెలుగులోనే స్తంభం తలపై ఆకుల చెక్కడం విడివిడిగా కనబడుతుంది. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ ద్వారం ఎఫ్/8, ట్రైపాడ్. రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపో సగమో అవుతుంది) మూడు ఫ్రేములు. వాటిని ఎడిటింగులో మీరే కలపండి. ఫ్రేముల్ని తనంతట తానే కలిపే ఆటోమేటిక్ హెచ్‌డీఆర్ నీడల్ని లేపేసి బంగారాన్ని పసుపు పెయింటు చేసేస్తుంది.

ట్రైపాడ్‌కు ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. దొరకకపోతే పూత ఉన్న స్తంభానికి మాత్రం ఆనుకోవద్దు. చేత్తో తీసేటప్పుడు షట్టర్ 1/50 లేదా 1/100 సెకను ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అంతకన్నా వేగంగా తీస్తే ఫొటోలో అడ్డచారలు పడతాయి.

కింద నిలబడి కెమెరా పైకెత్తితే స్తంభాలు లోపలికి వాలిపోతాయి. మట్టంగా ఉంచితే సగం ఫ్రేము నేలే. కెమెరా వంచకుండానే చూపును పైకి జరిపే షిఫ్ట్ లెన్స్ లేనివాళ్లు పై అంతస్తు వరండాకు వెళ్లండి. అక్కడ కెమెరా మట్టంగా ఉన్నా నేలా కప్పూ రెండూ వస్తాయి. ఫుల్ ఫ్రేము (పాత 35 మి.మీ. ఫిల్మంత సెన్సర్) కెమెరాలో 24 మి.మీ. లెన్స్ చాలు, 16 మి.మీ. అంచు స్తంభాల్ని లావుగా సాగదీస్తుంది.

అద్దాల బీరువాలకు మాత్రం పోలరైజర్ పనికొస్తుంది, అదీ అద్దానికి సుమారు 35 డిగ్రీల ఏటవాలులో నిలబడితేనే. ఎదురుగానే తీయాలంటే, నల్లగుడ్డకు లెన్స్ పట్టేంత కన్నం చేసి కెమెరా ముందు పట్టించండి.