బెజవాడ ఎండలో బేబీ క్యారియర్ ఎలా వేసుకోవాలి?

హాయ్ అండీ, ఇవాళ్టి వ్లాగ్ పటమట నుంచి. సంక్రాంతికో పెళ్ళిళ్ళకో గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగే మనవాళ్ళ సామానులో ఈమధ్య స్ట్రోలర్‌తో (పిల్లల తోపుడు బండి) పాటు బేబీ క్యారియర్, అంటే బిడ్డని ఛాతీకి కట్టుకునే పట్టీల సంచి, కూడా ఉంటోంది. స్ట్రోలర్ బీసెంట్ రోడ్డు రద్దీలో కదలదు, గుడి మెట్లెక్కదు. ఇక్కడ పనికొచ్చేది క్యారియరే. కాకపోతే ఏసీ మాల్‌లో టీషర్టు మీద వేసుకున్నట్టే ఈ ఎండలో చీర మీద వేసుకుంటే కుదరదు.

క్యారియర్ చూడగానే పెద్దవాళ్ళు రెండు మాటలంటారు: "పడిపోతాడేమో", "వాడికి ఊపిరాడుతోందా?" మొదటి భయం బకిల్ సరిగ్గా పెట్టుకుంటే తీరిపోతుంది. రెండోదాన్ని కొట్టిపారేయకండి, అందులో అమ్మమ్మదే రైటు. నెలల పిల్లలకి తల బరువెక్కువ, మెడకి బలం తక్కువ. తల వాలి గడ్డం ఛాతీకి ఆనిందంటే మెత్తటి గాలిగొట్టం నొక్కుకుపోతుంది. అప్పుడు ఏడవడానికి కూడా గాలి చాలదు, చూసేవాళ్ళకి నిద్రపోతున్నట్టే ఉంటుంది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ 2010లో స్లింగ్‌ల (భుజానికి వేలాడదీసుకునే గుడ్డ జోలెలు) మీద హెచ్చరిక ఇచ్చింది ఇందుకే. నాలుగు నెలల లోపు పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు తక్కువున్నవాళ్ళు, జలుబు చేసినవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త అంది. ఇలాంటివాళ్ళకి ముందు పిల్లల డాక్టరుని అడిగి వాడండి.

ఇప్పుడు వేసుకునే పద్ధతి. మొదటిసారి బిడ్డతో వద్దు, నాలుగు కిలోల బియ్యం సంచితో మంచం పక్కన నిలబడి అలవాటు చేసుకోండి. లేబుల్ మీద కనిష్ఠ బరువు చూడండి. చాలావాటికి మూడు కిలోల పైచిలుకు ఉంటుంది. లేబులే లేని చవక సరుకు నా లెక్కలో కొనకూడని సరుకు.

చిన్నపిల్లలకి నడుము బెల్టు తుంటి మీద కాదు, బొడ్డు ఎత్తులో కట్టాలి. బకిల్ "టక్" మన్నాక రెండువైపులా ఒకసారి గుంజి చూడండి. బిడ్డని ఛాతీకి ఆనించి, ఒక చెయ్యి వాడి వీపు మీద ఉంచి, క్యారియర్ గుడ్డని ఆ వీపు మీదుగా పైకి లాగండి. ఆ చెయ్యి చివరి బకిల్ పడేదాకా తియ్యొద్దు. భుజం పట్టీలు వేసుకున్నాక, ఆ రెండు పట్టీల్నీ మీ వీపు మీద కలిపే అడ్డక్లిప్ భుజం రెక్కల మధ్యకి రావాలి. మెడ దగ్గరికి పాకితే పట్టీలు మెడనరాల్ని నొక్కుతాయి, బాగా కిందికి జారితే చెయ్యి వెనక్కి అందదు.

బిగువు సరిపోయిందో లేదో తెలియాలంటే అరచేత్తో బిడ్డ వీపు మెల్లగా నొక్కండి. బిడ్డ ఇంకా మీకు దగ్గరికి జరిగితే పట్టీలు వదులన్నమాట. వదులైతే వెన్ను కుంగుతుంది, వెన్ను కుంగితే గడ్డం వాలుతుంది. గడ్డం కింద రెండు వేళ్ళు పట్టాలి. తల వంచితే మీ పెదాలు బిడ్డ నెత్తికి తగలాలి. అందకపోతే బెల్టు కిందికుంది. కాళ్ళు వేలాడకూడదు. ఒక మోకాలి కింది నుంచి రెండో మోకాలి కిందిదాకా గుడ్డ ఆనాలి, మోకాళ్ళు పిర్రల కంటే పైనుండాలి. చంకనెత్తుకున్నప్పుడు కాళ్ళు ఉండేది అలాగే. మొదటి ఆరు నెలలు తుంటికీలు ఇంకా గట్టిపడుతుంటుంది, అందుకే ఇంత పట్టుదల.

చీర సంగతి. భుజం మీది పిన్నీసు ముందు తీసెయ్యండి, సరిగ్గా బిడ్డ బుగ్గ ఆనేది అక్కడే. నల్లపూసలు, పొడుగు గొలుసులు కూడా తీసి పక్కన పెట్టాలి. బిడ్డ మెడలో పూసలదండ ఉంటే అదీ తీయాలి, మొలతాడు ముడి బెల్టు కింద నలగకుండా చూడాలి. పట్టుచీర మీద బెల్టు జారుతుంది. ఆ రోజుకి క్యారియర్ నాన్నకి తగిలించండి, జేబులో ఫోను, పెన్నూ తీసేసి. పెళ్ళిలో ఆయనకి పెద్దగా పనేం ఉండదు.

మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. క్యారియరే ఒక పొర బట్ట, దానికి మీ ఒంటి వేడి తోడు. లోపల పల్చటి నూలు జుబ్బా ఒక్కటి చాలు. ప్రకాశం బ్యారేజి మీద నడక పొద్దున్నే, లేదా పొద్దువాలాక. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, కాలుతున్నా చెమటతో తడిసినా వెంటనే బయటికి తీసి నీడకి వెళ్ళాలి. ఆరు నెలల లోపు అయితే నీళ్ళు పట్టొద్దు, తల్లిపాలే మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వాలి. ఎండకి గొడుగు పట్టండి. చున్నీ, కొంగు ముఖం మీద కప్పితే గాలీ ఆడదు, గడ్డం వాలినా కనపడదు. గుంటూరులో కోత సీజన్లో మిర్చి యార్డు వైపు వెళ్ళేటప్పుడు ఘాటుకని చాలామంది చేసే పని ఇదే. పసిబిడ్డతో ఆ దారినే వెళ్ళకపోతే గొడవ ఉండదు.

మెడ బాగా నిలబడి ఐదారు నెలలు వచ్చేదాకా ముఖం మీవైపే ఉండాలి. బయటికి తిప్పినా కాసేపే, నిద్రపోతే మళ్ళీ లోపలికి తిప్పెయ్యాలి. ఉండవల్లి గుహల మెట్ల మీద ముందు బిడ్డ ఉంటే మీ పాదాలు మీకు కనపడవు, కాబట్టి దిగేటప్పుడు ఒక చెయ్యి గోడకో రెయిలింగుకో ఆనాలి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి క్యూలైన్లో క్యారియర్ వద్దే వద్దు, వెనకవాళ్ళ తోపులాటకి మీకూ ముందువాళ్ళకీ మధ్య నలిగేది బిడ్డే. భవానీ ఐలాండ్ పడవ ఎక్కేముందు విప్పెయ్యండి. బైకు మీద అసలు వద్దు. కారులో ఇది కారు సీటుకి బదులు కాదు, గుద్దుకుంటే మీ బరువంతా బిడ్డ మీదే పడుతుంది. స్టవ్ దగ్గరా, చేతిలో వేడి కాఫీతోనూ వద్దు. కింద పడ్డది తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్ళ మీద కూర్చోవాలి. తిరుగు విమానంలో టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి సిబ్బంది బయటికి తీయమంటారు, వాదించకండి.

విప్పేటప్పుడు మంచం మీద కూర్చుని బిడ్డని పట్టుకుని ముందు అడ్డక్లిప్, తర్వాత భుజాలు, ఆఖరున నడుము బెల్టు. చొంగతో తడిసిన పట్టీలు మెత్తటి సబ్బుతో ఉతకండి, బ్లీచింగ్ వెయ్యొద్దు. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేస్తే దారాలు తొందరగా చీకిపోతాయి, నీడలో ఆరనివ్వండి. ఆరాక కుట్లు, బకిల్ పళ్ళు ఒకసారి తడిమి చూడండి. ఒక్క పన్ను విరిగినా ఆ క్యారియర్ ఇంక వాడొద్దు.