గ్యాస్ గ్రిల్ కొనేముందు మూత ఎత్తి చూడండి

అందరికీ నమస్కారం.

డల్లాస్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు గృహప్రవేశం అవ్వగానే నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఏ గ్రిల్ కొనాలి?" టెక్సాస్‌లో నిలబడి గ్యాస్ గ్రిల్ గురించి మాట్లాడితే, బార్బెక్యూకి పేరున్న లాక్‌హార్ట్ ఊళ్లో కట్టెల మీద బ్రిస్కెట్ అనే గొడ్డుమాంసం కాల్చేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లు రాత్రంతా జాగారం చేస్తారు. మనకు ఆఫీసు నుంచి వచ్చాక ఎనిమిదింటికల్లా చికెన్ ప్లేట్లోకి రావాలి.

నా మొదటి గ్రిల్‌కి ఐదు బర్నర్లు. తళతళా మెరిసేది, పైగా డిస్కౌంటు. రెండు వేసవులు దాటేసరికి బర్నర్లు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. అసలు లోపం మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది. మూత పల్చటి రేకు. ఎంత మంట పెట్టినా వేడి నిలిచేది కాదు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే బీటీయూ అంకె, అంటే వేడిని కొలిచే లెక్క, చూసి అందరూ పొరబడతారు. ఆ అంకె చెప్పేది గ్రిల్ గంటకు ఎంత గ్యాస్ తాగుతుందో. ముక్కకు ఎంత వేడి తగులుతుందో కాదు. కాల్చే స్థలం చదరపు అంగుళాల్లో ఇస్తారు, దానితో భాగించండి. 36,000 బీటీయూ, 400 చదరపు అంగుళాలు అయితే 90 వస్తుంది. 80 నుంచి 100 మధ్య ఉంటే చాలు. ఆ తర్వాత మూత ఎత్తి చూడండి. బరువుగా ఉండాలి, దించితే సందు లేకుండా కూర్చోవాలి.

మూత మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? మన చికెన్‌కి పెరుగు, కారం, మసాలా దట్టంగా పట్టిస్తాం. నేరుగా మంట మీద పెడితే పైన మాడిపోతుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. రెండు బర్నర్లు వెలిగించి, మూడోది ఆపి, ముక్కల్ని ఆ ఆపిన వైపు పెట్టి మూత వేయండి. అప్పుడు గ్రిల్ ఓవెన్‌లా పనిచేస్తుంది. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చాక మంట వైపు జరిపి అంచులు కాల్చుకోండి. అందుకే మూడు బర్నర్లు ఉండాలంటాను. రెండైతే ఇరుకు. ఐదైతే పండగలప్పుడే పనికొస్తాయి. మూత మీది థర్మామీటర్ని నమ్మకండి, అది మూత దగ్గర గాలి వేడి చెబుతుంది. ముక్కలో గుచ్చేది విడిగా కొనుక్కోండి.

షాపుకి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. స్టెయిన్‌లెస్ అన్నదానికి గట్టిగా అతుక్కుంటే అది చాలావరకు చవక రకం, తొందరగా తుప్పు పడుతుంది. కింద జాలీ పోత ఇనుముదైతే భయపడకండి. దోసె పెనాన్ని ఎలా చూసుకుంటారో అలాగే, వేడి మీద గీకి నూనె రాయడమే.

గ్రిల్ పక్కన గిన్నె పెట్టుకునే పొయ్యి ఉంటుంది, ఆ పక్క బర్నర్ దండగని అమెరికన్ స్నేహితులు చెబుతారు. చేపలు వేయించాక మూడు రోజులు ఇల్లంతా వాసన భరించినవాళ్లెవరూ ఆ మాట అనరు. మా ఇంట్లో ఎక్కువగా వెలిగేది అదే. కానీ వాన పడుతోందనో, చలి వేస్తోందనో గ్రిల్‌ని గ్యారేజీలోకి లాక్కెళ్లి వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఇంట్లో శాకాహారులుంటే రెండో జాలీ కొనిపెట్టండి. అత్తగారి మొక్కజొన్న పొత్తులూ పచ్చడి వంకాయలూ దాని మీద కాలతాయి, గొడవ ఉండదు.

ఇక గ్యాస్. ఇంటికి సహజవాయువు లైను ఉంటే దానికి తగ్గ మోడలే తీసుకోండి. ప్రొపేన్ గ్రిల్‌కి ఆ లైను ఊరికే తగిలిస్తే కుదరదు, రెండింటికీ గ్యాస్ వచ్చే జెట్‌ల రంధ్రాల సైజు వేరు. ట్యాంకుని 20 పౌండ్లదంటారు గానీ మార్చుకునే చోట చాలాసార్లు 15 పౌండ్లే నింపి ఇస్తారు. లేబుల్ చదవండి. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. ట్యాంకు మార్చిన ప్రతిసారీ సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూడండి. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచండి.

ఒకసారి ఇరవై మంది చుట్టాలొచ్చిన రోజు మంట కొవ్వొత్తి అంత కూడా రాలేదు. ఒకటే టెన్షన్. కొత్త గ్రిల్ పాడైపోయిందనుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. నాబ్‌లు తిప్పి ఉంచి ట్యాంకు వాల్వ్ ఒక్కసారిగా తెరిచాను. లీకేమోనని రెగ్యులేటర్ గ్యాస్‌ని బిగించేసింది. అలా జరిగితే అన్నీ కట్టేసి, ట్యాంకు ఊడదీసి, కాసేపు ఆగి, మళ్లీ బిగించండి. నాబ్‌లు ఆఫ్‌లో ఉండగా వాల్వ్ మెల్లగా తిప్పండి.

వెనక ప్యాటియోలో ఒక గ్రిల్ పెట్టించాం, ట్యాంకు ఇంకా బిగించలేదు. సబ్బు నీళ్ల గిన్నె బల్ల మీద ఉంది. ముందు ఎవరు బిగిస్తారో రండి.