కారు కడుపు కింద జానెడు లేదు: శనివారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. శనివారం పొద్దున పదైంది. మిషిగన్‌లో, ఇక్కడ నోవైలో, మా కిటికీ బయట స్నో పడుతూనే ఉంది. కార్ల గురించి మీరడిగే వాటికి జవాబు చెప్పడానికి బాబాయ్ రెండో కప్పు కాఫీతో సిద్ధంగా ఉన్నారు. మొదటి కాల్ ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే అక్కా, నమస్తే బాబాయ్. ఆగస్టులో సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ తీసుకున్నాను. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచి అలాంటి బండి మీద మనసు. అమ్మినాయన “ఆల్ వీల్ డ్రైవ్ కదా, స్నోలో ఏ దిగులూ లేదు” అన్నాడు. మొన్న మా వీధిలో అందరి చక్రాలూ గిర్రున తిరుగుతుంటే నాది జుమ్మని కదిలింది కూడా. తీరా స్టాప్ సైన్ దగ్గర బ్రేకు తొక్కితే ఆగలేదు బాబాయ్. కూడలి మధ్య దాకా జారింది. అదృష్టం, అటు నుంచి ఎవరూ రాలేదు.

బాబాయ్: నీకేం కాలేదు కదా?

కాలర్: లేదు. చేతులు మాత్రం ఇంటికొచ్చేదాకా వణికాయి.

బాబాయ్: వణకడం మంచిదే. నేనొచ్చిన కొత్తలో ఐ-96 మీద ఒక వంతెన దాటుతూ బండిని గుంటలోకి దింపాను. రోడ్డంతా బాగుంది, వంతెన మీదే ఐస్. కింద నేల ఉండదు కదా, రెండు వైపుల నుంచీ చలిగాలి తగిలి వంతెనలే ముందు గడ్డకడతాయి. ఆ తర్వాత నెల్లాళ్లు వంతెన కనబడితే చాలు, గుండె దడే. సరే, ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లగలవా? టైరు పక్కభాగం మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందేమో చూడు. సైజు కూడా చదువు.

కాలర్: వెళ్తున్నా... చెప్పులేసుకోలేదు, నేల చల్లగా ఉంది. ఆ... కొండ బొమ్మ లేదు బాబాయ్. బురదకీ స్నోకీ అని వేసే ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలు కూడా లేవు. ముందు 225/40 ఆర్ 19. వెనక 255/35 ఆర్ 19.

బాబాయ్: అనుకున్నాను. ఆ కొండ బొమ్మ స్నోకి పనికొచ్చే టైర్ల గుర్తు. నీవి సమ్మర్ టైర్లు. బండికి ఏ రోగమూ లేదు. ఆ రబ్బరు ఎండాకాలం కోసం కలిపింది. సుమారు 45 ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ కిందికి పోయేసరికి గట్టిపడిపోయి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. సున్నాకి 7 డిగ్రీలు దిగువకు పోతే కొన్ని రకాలు బీటలు వారతాయి. ఆ చలిలో వాటిని కదపొద్దని టైర్ల కంపెనీలే చెబుతాయి. వానాకాలం పొలం గట్టు మీద అరిగిపోయిన హవాయి చెప్పులతో నడిచావా ఎప్పుడైనా?

కాలర్: నడిచాను, పడ్డాను కూడా.

బాబాయ్: అంతే మరి. ఆల్ వీల్ డ్రైవ్ చేసేదల్లా ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచడం. యాక్సిలరేటర్ మీద కాలున్నంత సేపే దాని గొప్ప. బ్రేకంటావా, ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటుంది. అక్కడ నీకు ఎక్కువేమీ లేదు. పైగా ఒక చిక్కుంది. మీ వీధిలో వాళ్ల చక్రాలు తిరిగిపోయాయన్నావు. ఈ రోజు రోడ్డు బాగోలేదని వాళ్లకు ఇంటి ముందే తెలిసిపోయింది. నీ బండి సుఖంగా కదిలేసరికి నీకు ఆ కబురు అందలేదు. స్టాప్ సైన్ దగ్గర అందింది.

వ్యాఖ్యాత: మంచు మీద జారి దూకే ఏటవాలు దిబ్బ, అదే స్కీ జంప్, ఎక్కిన కారు ప్రకటన ఒకటి ఉండేదని ఇందాక అన్నారు కదా?

బాబాయ్: ఆడి వాళ్లది. 1986లో ఫిన్లాండ్‌లో కైపోలా అనే చోట స్కీ జంప్ మీదికి క్వాట్రో కారును ఎక్కించారు. నోరు తెరుచుకుని చూశాం. ఎక్కడమే అందులో గొప్ప. స్టాప్ సైన్ దగ్గర బుద్ధిగా ఆగే ప్రకటన ఏ కార్ల కంపెనీ తీయగానూ నేను చూడలేదు.

కాలర్: అయితే వింటర్ టైర్లు కొనాల్సిందేనా? 18 అంగుళాల రిమ్ములైతే మంచిదని మా ఫ్రెండ్ అన్నాడు. కారు ఎత్తు కూడా పెరుగుతుందా?

బాబాయ్: ఎత్తు పెరగదు, అది అందరూ పొరబడే మాటే. నీ ముందు టైరు 225 వెడల్పులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్ల రబ్బరు. 225/45 ఆర్ 18 వేస్తే 101 మిల్లీమీటర్లు. రిమ్ము తగ్గింది, రబ్బరు పెరిగింది, చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే. మరి లాభమేమిటంటే, ఫిబ్రవరి వెళ్లేసరికి మన రోడ్ల మీద తేలే గుంతల్లో పడ్డప్పుడు ఆ ఒక్క సెంటీమీటరు రబ్బరే రిమ్ము వంకరపోకుండా కాస్తుంది. వెనక కూడా 225యే వేసుకో. స్నోలో వెడల్పు టైరు పైపైన తేలుతుంది, సన్నది కోసుకుని కిందికి దిగుతుంది. నాలుగూ ఒకటే రకం, ఒకటే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేశావంటే చక్రాలు తిరిగే లెక్క తేడాపడి లోపలున్న గేర్లూ క్లచ్‌లూ ఊరికే అరుగుతాయి. ఇంకొకటి, చలికి గాలి తగ్గుతుంది. 10 ఫారెన్‌హీట్ పడితే దాదాపు ఒక పీఎస్ఐ పోతుంది. సెప్టెంబర్లో కొట్టించిన గాలిని నమ్ముకోకు.

కాలర్: మరి ఎత్తు సంగతి?

బాబాయ్: అక్కడే ఉన్నావుగా, కారు ముందు కూర్చుని కింద చెయ్యి పెట్టు. మన అమ్మమ్మల కొలతే చాలు. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే బెత్తెడు, దాదాపు మూడంగుళాలు. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా చాపితే జానెడు, తొమ్మిది అంగుళాలు. నీ కారు కడుపు ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. సుబారు అవుట్‌బ్యాక్‌కి 8.7 అంగుళాలు, దాదాపు జానెడు. తెల్లారి డ్రైవ్‌వేలో బెత్తెడు స్నో ఉంటే, వింటర్ టైర్లు ఉంటే, నెమ్మదిగా పో. రెండు బెత్తెలైతే నీ ముందు బంపరే స్నో తోసే పలక అయిపోతుంది. రోడ్డు మీది స్నో తోసేసే ప్లౌ ట్రక్ వచ్చి వెళ్లేదాకా ఇంట్లోంచే పని చేసుకో. అలాగే డిక్కీలో టూల్స్ పెట్టే చోట మర బిగించే ఇనుప హుక్కు ఉందేమో చూసి మళ్లీ ఫోన్ చెయ్యి. అదెందుకో తర్వాత చెబుతా.

వ్యాఖ్యాత: బఫెలో నుంచి ఒక అక్క ఉన్నారు. 2022లో చుట్టుపక్కల ఒక్క తుఫానులోనే ఆరడుగులు పడింది మీ దగ్గరే కదండీ!

కాలర్: అవునండీ, ఆ నవంబర్లో మా తలుపే తెరుచుకోలేదు. బాబాయ్ గారూ, నాది సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, గేర్ల బండి. వింటర్ టైర్లు ఉన్నాయి. అయినా మొన్న డ్రైవ్‌వే చివర్లో దిగబడిపోయింది. ప్లౌ ట్రక్ వెళ్తూ వెళ్తూ గట్టు పోసిపోయింది. దాటించేద్దామని ఊపు మీద వెళ్లా. మధ్యలో ఆగింది, ఇక ముందుకీ లేదు వెనక్కీ లేదు. మావారు పక్కన నిలబడి “ఇంకొంచెం గ్యాస్ కొట్టు” అంటూనే ఉన్నారు. వెల్లుల్లి మాడినట్టు వాసన.

బాబాయ్: క్లచ్ తల్లీ అది. మీవారిని లోపలికి పంపాల్సింది.

వ్యాఖ్యాత: (నవ్వు)

బాబాయ్: మాది గోదావరి పక్క. దమ్ము చేసిన మడిలో ట్రాక్టర్ దిగబడితే ఏమవుతుంది? కడుపు బురద మీద ఆనుతుంది, చక్రాలు కింద ఊరికే తిరుగుతుంటాయి. ఎంత తొక్కితే అంత గొయ్యి. మీ కారుదీ అదే స్థితి. బరువంతా స్నో గట్టు మోస్తోంది, టైర్ల మీద బరువే లేదు. నేల విడిచి సాము అన్నమాట. అప్పుడు ప్రపంచంలో ఏ టైరైనా ఒకటే. అందరూ చక్రాల ముందు తవ్వుతారు. తవ్వాల్సింది కడుపు కింద. పొడుగు కర్ర చీపురైనా సరే, పొట్టి పారైనా సరే, పక్క నుంచి దూర్చి కింద స్నో లాగెయ్యండి. బండి అంగుళం కిందికి కూర్చోవడం కళ్లకు కనిపిస్తుంది. అప్పుడు చక్రాలు జారితే ఇంజిన్ బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్‌ని బటన్ నొక్కి ఆపి, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతూ వచ్చిన దారినే బయటికి తియ్యండి.

కాలర్: వచ్చిన దారినేనా?

బాబాయ్: అది తొక్కిన స్నో, గట్టిగా ఉంటుంది. ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి తవ్వుతుంటే, మొట్టమొదట బండి వెనకున్న సైలెన్సర్ గొట్టం చూడండి. కింద ఉండే బండికి గొట్టమూ కిందే ఉంటుంది, స్నోలో పూడుకుపోతుంది. పొగ కారులోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. పిల్లల్ని వెచ్చగా ఉంటుందని లోపల కూర్చోబెట్టి తవ్వడం అసలు వద్దు.

కాలర్: అమ్మో, మా పాప లోపలే ఉంది ఆ రోజు.

బాబాయ్: ఈసారి ఇంట్లో ఉంచండి. టో ట్రక్ వాడిని పిలిచినా, కొక్కెం ఎక్కడ తగిలిస్తున్నాడో చూడండి. బంపర్లో చిన్న చతురస్రపు మూత ఉంటుంది. అది తీసి, డిక్కీలోని హుక్కు మర బిగించి, దానికే కట్టాలి. సస్పెన్షన్ కడ్డీలకు కట్టి లాగితే బండి బయటికొస్తుంది, అలైన్‌మెంట్ పోతుంది.

కాలర్: తీశాక ఇంకో సంగతి. హైవే మీద 60 మైళ్లు దాటగానే స్టీరింగ్ గడగడలాడింది. ఏదో విరిగిందని టెన్షన్ పడ్డా.

బాబాయ్: రిమ్ము లోపలి వైపు స్నో గడ్డకట్టి ఉంటుంది. బ్యాలెన్స్ తప్పుతుంది. చీపురు కర్రతో పొడిచి రాల్చండి, లేదా కార్ వాష్‌లో వేడినీళ్లు కొట్టించండి. స్నో కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కింద పట్టి ఉంటే అదీ పోతుంది. అప్పటికీ వణికితే షాపుకి.

వ్యాఖ్యాత: మాంట్రియల్ నుంచి ఒక కాల్, త్వరగా.

కాలర్: అన్నా, నా ఆడి ఎస్4కి లోయరింగ్ స్ప్రింగ్స్ వేయిద్దామనుకుంటున్నా. ఇంకో అంగుళం దిగుతుంది.

బాబాయ్: మీ క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే కదా. స్ప్రింగ్స్ సంగతి మాత్రం నేనే చెబుతున్నా. మే నెలలో ఫోన్ చెయ్యి.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒకరు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. చెప్పండి అండీ.

కాలర్: నమస్కారమండీ. మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఉంటాడు. వాడూ ఇలాంటి కారే కొన్నాడు. టీవీలో మంచు చూస్తే నిద్ర పట్టదు. ఏం చెప్పమంటారు వాడికి?

బాబాయ్: జాగ్రత్త అని చెబితే “సరే నాన్నా” అని పెట్టేస్తాడండీ, మనమూ అలాగే పెట్టేసినవాళ్లమే. టైరు ఫొటో పంపమనండి. అందులో కొండ బొమ్మ ఉందేమో మీరే చూడండి. డిక్కీ ఫొటో కూడా. అందులో పార, దుప్పటి, గ్లవ్స్ కనిపించాలి.

కాలర్: ఇది బాగుంది. ఇప్పుడే మెసేజ్ పెడతా.

వ్యాఖ్యాత: ఫార్మింగ్టన్ హిల్స్ తమ్ముడు మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్: బాబాయ్, చెయ్యి పెట్టి చూశా. కడుపు కింద బెత్తెడు, పైన ఇంకో మూడు వేళ్లు. ముందు బంపర్ దగ్గర అదీ లేదు.

బాబాయ్: హుక్కు?

కాలర్: ఫోమ్‌లో దాని ఆకారంలో గుంట ఉంది. హుక్కు లేదు.

బాబాయ్: దిగులు లేదన్నాయన నంబర్ ఉందా నీ దగ్గర?

కాలర్: ఉంది.

బాబాయ్: సోమవారం పొద్దున్నే ముందు ఆ కాల్ చెయ్యి. టైర్లు వేయించే దాకా కారు గరాజ్ దాటించకు.